కువైట్: ముత్యాల నుంచి చమురు దాకా, చమురు నుంచి మన ఇంటి దాకా

అల్లాహ్ పేరుతో.



మన సొసైటీకి చందా పంపే కుటుంబాల్లో కువైట్‌తో సంబంధం ఉన్నవి ఎన్నో ఉన్నాయి. కొందరు అక్కడ పనిచేస్తున్నారు, కొందరు పనిచేసి తిరిగి వచ్చారు, మరికొందరు అక్కడున్న కొడుకో కూతురో పంపే డబ్బుతో ఇల్లు నడుపుకొంటున్నారు. మనకు అందే జకాత్, సదఖాలలో కొంత భాగం కువైటీ దీనారుగా సంపాదించినదే. ఆ దీనారు ఇవాళ రూపాయల్లో ఎంతో మనవాళ్లు ఏ రోజుకారోజు చెప్పగలరు. ఆ దేశం ఎంత ఉంటుంది, దేనిమీద బతుకుతుంది, ఆ సంపద ఎన్నాళ్లు నిలుస్తుంది అని అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు తక్కువ. ఆ సంగతులు నాలుగు ఇక్కడ చెప్పుకుందాం. చెప్పుకున్నాక మన దానధర్మాల లెక్కను కూడా ఒకసారి చూసుకుందాం.

నేల, నీరు, ఎండ

కువైట్ విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాలను మళ్లీ విభజించక ముందున్న కర్నూలు జిల్లా 17,658 చదరపు కిలోమీటర్లు. అంటే మొత్తం దేశం పాత కర్నూలు జిల్లా అంత అన్నమాట. ఉత్తరాన, పడమర ఇరాక్, దక్షిణాన సౌదీ అరేబియా, తూర్పున గల్ఫ్ సముద్రం. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన కువైట్ అఖాతం ఒడ్డునే రాజధాని కువైట్ సిటీ ఉంది. దేశానికి తొమ్మిది దీవులున్నాయి. అన్నిటికన్నా పెద్దది బూబియాన్. ఫైలకా దీవిలో ప్రాచీన దిల్మున్ నాగరికత ఆనవాళ్లు, గ్రీకుల కాలపు కట్టడాలు బయటపడ్డాయి. 'కువైట్' అనే పేరు 'కూత్' అనే మాట నుంచి వచ్చింది. కూత్ అంటే కోట, కువైట్ అంటే చిన్న కోట.

ఆ దేశంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఏడాది మొత్తానికి పడే వాన సగటున 110 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అనంతపురం కరవు జిల్లా అని మనం బాధపడతాం గానీ, అక్కడ పడే వానలో నాలుగో వంతు కూడా కువైట్‌లో పడదు. ఎండ మాత్రం లోకంలో ఎక్కడా లేనంత. 2016 జూలై 21న మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి నిర్ధారించిన అత్యధిక ఉష్ణోగ్రతల్లో ఇదొకటి. అందుకే జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 గంటల నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిబంధన పెట్టారు.

మరి తాగునీరు ఎక్కడిది? వెనుకటి రోజుల్లో ఇరాక్ వైపు షత్తుల్ అరబ్ నది నుంచి పడవల్లో నీళ్లు నింపుకొని వచ్చి ఊళ్లో అమ్మేవారు. 1950ల మొదట్లో సముద్రపు నీటిలోని ఉప్పు తీసే పెద్ద ప్లాంటు కట్టారు. ఈనాడు ఆ దేశం తాగే నీరు దాదాపు అంతా అలా తయారైనదే. ఆ ప్లాంట్లు నడవాలంటే చమురో గ్యాసో మండాలి. చిత్రపటాల్లో మనం చూసే కువైట్ టవర్లు 1979లో ప్రారంభమయ్యాయి. అవి అందం కోసం కట్టిన స్తంభాలు మాత్రమే కావు, వాటి పెద్ద గోళాల్లో నీళ్లు నిలవ ఉంటాయి. సాగు సంగతికి వస్తే దక్షిణాన వఫ్రా, ఉత్తరాన అబ్దలీ ప్రాంతాల్లో కొన్ని తోటలు, కూరగాయల పొలాలు ఉన్నాయి. తక్కిన తిండి గింజలన్నీ బయటి దేశాల నుంచి రావలసినవే.

ముత్యాల కాలం

ఇంత ఎండ, ఇంత నీటి కరవు ఉన్నచోట చమురుకు ముందు జనం ఎలా బతికారు? సముద్రం మీద బతికారు. 18వ శతాబ్దంలో అరేబియా నడిభాగం నుంచి వలస వచ్చిన బనీ ఉతుబ్ తెగల వారు ఇక్కడ స్థిరపడ్డారు. వారిలోంచి సబాహ్ వంశాన్ని పాలకులుగా ఎంచుకున్నారు. ఆ వంశమే నేటికీ పాలిస్తున్నది. పడవలు కట్టడం, సరుకు రవాణా, ముత్యాల వేట, ఈ మూడే ఆనాటి జీవనాధారం.

పడవలకు కావలసిన టేకు కలప మన మలబారు తీరం నుంచి వెళ్లేది. బస్రా ఖర్జూరాలు ఎక్కించుకొని కువైటీ పడవలు బొంబాయి, కాలికట్ రేవులకు వచ్చేవి. ముత్యాలకు బొంబాయే పెద్ద అంగడి. హైదరాబాదులో పాతవారు 'బస్రా ముత్యాలు' అని గొప్పగా చెప్పుకొనేవి ఈ గల్ఫ్ సముద్రపు ముత్యాలే. ఆ రోజుల్లో కువైట్‌లో చెల్లుబాటైన డబ్బు కూడా మన రూపాయే. 1961లో కువైటీ దీనారు వచ్చేదాకా అంగడిలో రూపాయలే నడిచాయి.

ముత్యాల వేట ఎండాకాలంలో సుమారు నాలుగు నెలలు సాగేది. పడవ నడిపే నాయకుడిని 'నఖోదా' అనేవారు. మునిగేవాడు ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని సముద్రం అడుగుకు దిగేవాడు. తాడు పట్టుకొని వాడిని పైకి లాగేవాడు మరొకడు. వేటకు బయలుదేరే ముందు ఇంటి ఖర్చుకు నఖోదా దగ్గర బయానా తీసుకొనేవారు. సీజను ముగిసి లెక్క చూస్తే చాలామందికి అప్పే మిగిలేది. ఆ అప్పు తీరేదాకా మరుసటి ఏడు కూడా అదే నఖోదా పడవ ఎక్కాలి. ఏజెంటుకు కట్టడానికి వడ్డీకి అప్పు తెచ్చి, మొదటి ఏడాది జీతమంతా ఆ అప్పుకే పోసే మన ఊరి యువకుడి కథ దీనికి ఎంత దూరం?

1920ల చివర ఈ బతుకు కూలిపోయింది. జపానులో పెంపకం ముత్యాలు తక్కువ ధరకు తయారై ప్రపంచ మార్కెట్‌ను ముంచెత్తాయి. 1929లో వచ్చిన ఆర్థిక మాంద్యంతో కొనేవారి చేతుల్లో డబ్బు లేకుండా పోయింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. సముద్రంలో ముత్యాలు అయిపోలేదు. మునిగేవారికి నేర్పు తగ్గలేదు. కొనేవారు తగ్గారు, అంతే. దానితో ఒక్క తరంలోనే ఒక దేశం ఆదాయం ఆగిపోయింది.

చమురు వచ్చాక

1934లో కువైట్ ఆయిల్ కంపెనీ ఏర్పడింది. 1938 ఫిబ్రవరిలో బుర్గాన్ దగ్గర చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల బావులు మూసిపెట్టారు. 1946 జూన్ 30న మొదటి చమురు ఓడ బయలుదేరింది. బుర్గాన్ నేటికీ ప్రపంచంలో రెండో అతి పెద్ద చమురు క్షేత్రం, మొదటిది సౌదీలోని ఘవార్. 1961 జూన్ 19న కువైట్ బ్రిటన్ రక్షణ ఒప్పందం నుంచి బయటపడి స్వతంత్రమైంది. 1970ల మధ్యలో కంపెనీ మొత్తం కువైట్ ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఇప్పుడు ఆ దేశం రోజుకు సుమారు 25 లక్షల పీపాల చమురు తీస్తున్నది. భూమిలో ఉన్న నిల్వ సుమారు 10,100 కోట్ల పీపాలని అంచనా. ప్రభుత్వ ఆదాయంలో దాదాపు 90 శాతం దీని నుంచే వస్తుంది. పౌరులకు చదువు, వైద్యం ఉచితం. జీతాల మీద ఆదాయపు పన్ను లేదు. ఒక దీనారు మూడు అమెరికన్ డాలర్లకు పైమాటే, ప్రపంచంలో అత్యధిక విలువ గల డబ్బు అదే.

ఈ లెక్కన చమురు ఇంకా నూరేళ్లకు పైగా వస్తుంది. మరి భయం ఎందుకు? ముత్యాల సంగతి గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. భయం చమురు అయిపోతుందని కాదు, కొనేవారు తగ్గిపోతారని. బ్యాటరీ కార్లు, సౌర విద్యుత్తు పెరుగుతున్నాయి. ధర పడిపోతే ఏమవుతుందో 2020లో కొంత రుచి చూశారు. ఆ ఏడాది కరోనాతో చమురు ధర కూలి, జీతాలకు నగదు సర్దడమే ఆ ప్రభుత్వానికి కష్టమైంది.

పక్కన పెట్టిన పదో వంతు

అయితే ముత్యాల దెబ్బ చూసిన తరం ఒక తెలివైన పని చేసింది. స్వాతంత్ర్యానికి ఎనిమిదేళ్ల ముందే, 1953లో, చమురు డబ్బులో మిగులును పెట్టుబడి పెట్టడానికి లండన్‌లో ఒక బోర్డు ఏర్పాటు చేశారు. దేశాల పేరిట నడిచే సంపద నిధుల్లో ఇదే మొదటిదని పేరు. 1976లో 'భావి తరాల నిధి' పెట్టి, ప్రతి ఏటా రాజ్య ఆదాయంలో 10 శాతం అందులో వేయాలని చట్టం చేశారు. తేలికగా చేయి పెట్టడానికి వీల్లేకుండా కట్టుదిట్టం చేశారు.

ఆ డబ్బు అక్కరకు వచ్చే రోజు అనుకోకుండా వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. తెల్లారేసరికి ప్రభుత్వం లేదు, బ్యాంకు లేదు, చమురు అమ్మకం లేదు. కువైటీ దీనారు చెల్లదని ఆక్రమణదారులు ప్రకటించారు. జేబులో దీనార్లు ఉండి కూడా చేతులూపుకొంటూ జోర్డాన్ ఎడారి శిబిరాల మీదుగా ఇంటికి చేరినవారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్షకు పైగా భారతీయులను తీసుకొచ్చాయి. 1991 ఫిబ్రవరి 26న విముక్తి వచ్చేనాటికి 600కు పైగా చమురు బావులు మండుతున్నాయి. చివరి బావిని నవంబరులో గానీ ఆర్పలేకపోయారు. ఆ ఏడు నెలలూ పరాయి గడ్డ మీద ఉన్న ప్రభుత్వాన్ని నడిపింది, తర్వాత దేశాన్ని తిరిగి కట్టడానికి ఆదుకున్నది బయట పెట్టుబడిగా ఉన్న ఆ నిధులే.

దివ్యఖుర్ఆన్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం మనకు తెలిసినదే. పుష్కలంగా పండే ఏళ్లలో దాచినదే కరవు ఏళ్లలో ప్రాణాలు నిలిపింది. కువైట్ ఆచరించింది ఆ పాఠాన్నే. ఆ పాఠం పాటించడం ఎంత కష్టమో కూడా ఆ దేశమే చూపించింది. 2020లో నగదుకు ఇబ్బంది రాగానే ఆ 10 శాతాన్ని మిగులు ఉన్న ఏడే వేయాలని చట్టం మార్చుకున్నారు.

ఎవరుంటారు, ఎవరు పనిచేస్తారు

కువైట్ జనాభా ఇంచుమించు 49 లక్షలు. అందులో పౌరులు 15 లక్షల చిల్లర. మిగిలిన సుమారు 70 శాతం బయటి దేశాలవారే. ఏ దేశ పౌరసత్వమూ లేని 'బిదూన్' అనే వారు కూడా సుమారు లక్ష మంది ఉన్నారు. కువైటీలలో ఉద్యోగం చేసేవారు ఎక్కువమంది ప్రభుత్వ కొలువుల్లోనే ఉంటారు. కట్టడాలు, దుకాణాలు, ఆసుపత్రులు, డ్రైవింగు, ఇంటి పని అన్నీ వలస వచ్చినవారి చేతుల మీదుగా నడుస్తాయి. అందుకే జనాభాలో ఆడవారి కన్నా మగవారు బాగా ఎక్కువ.

వలస వచ్చినవారిలో మొదటి స్థానం భారతీయులదే. సుమారు 10 లక్షల మంది ఉన్నారు. ఆ దేశ జనాభాలో ఐదింట ఒకరు, పనిచేసేవారిలో పదింట ముగ్గురు మనవారే. తెలుగువారు ఎక్కువగా కడప వైపు రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్తారు. నర్సులు, ఇంజనీర్లు ఉన్నారు. ఇంటి డ్రైవర్లు, వంటవారు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు అంతకన్నా ఎక్కువగా ఉన్నారు.

వీరి బతుకు ఒక కాగితం మీద ఆధారపడి ఉంటుంది. దాని పేరు అకామా. దాన్ని వేయించేవాడు కఫీల్. కఫీల్ మంచివాడైతే పదేళ్లు ఇట్టే గడిచిపోతాయి. కాకపోతే అకామా ముగిసి, 'ఖల్లివల్లీ' బతుకై, పోలీసులకు భయపడుతూ ఇంటికి రాలేక నలిగిపోతారు. 2020లోను, 2024లోను అలాంటివారు జరిమానా లేకుండా వెళ్లిపోయేందుకు కువైట్ ప్రభుత్వం గడువులు ఇచ్చింది. ఇంటి పనివారి కోసం 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక రోజు విశ్రాంతి, ఏడాదికి నెల సెలవు ఆ చట్టంలో ఉన్నాయి. 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. 2021లో ఇంటి పనివారి విషయమై భారత్, కువైట్ మధ్య ఒప్పందం కూడా కుదిరింది. కానీ నాలుగు గోడల మధ్య చట్టం ఎంత అమలవుతుందో అక్కడ పనిచేసి వచ్చిన అక్కచెల్లెళ్లే చెప్పాలి.

2024 జూన్ 12న మంగఫ్ ప్రాంతంలో కార్మికులు ఉండే భవనం తెల్లవారుజామున అంటుకొని 40 మందికి పైగా భారతీయులు మరణించారు. మృతుల్లో ఆంధ్రప్రదేశ్ వారు కూడా ఉన్నారు. దీనారు వెనుక ఇలాంటి రిస్కు కూడా ఉందని మరవరాదు.

ఇచ్చే చేయి

కువైట్ దాచుకోవడమే కాదు, ఇవ్వడమూ నేర్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, 1961 డిసెంబరులో, పేద దేశాల అభివృద్ధి పనులకు తేలిక షరతులతో అప్పులిచ్చే 'కువైట్ ఫండ్' స్థాపించింది. 1982లో జకాత్ సేకరణ, పంపిణీల కోసం 'బైతుజ్జకాత్' ఏర్పాటు చేసింది. 1993లో వక్ఫ్ ఆస్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. సిరియా శరణార్థుల కోసం 2013 నుంచి వరసగా మూడేళ్లు ప్రపంచ దాతల సమావేశాలు కువైట్‌లోనే జరిగాయి. 2021 మేలో మన దేశం ఊపిరాడక తల్లడిల్లినప్పుడు కువైట్ నుంచి ఆక్సిజన్ ట్యాంకులు, సిలిండర్లు మన నౌకాదళ ఓడల్లో వచ్చాయి.

ఇందులో మనం గమనించాల్సింది జకాత్‌కు ఒక సంస్థ, వక్ఫ్‌కు మరో సంస్థ ఉండటం. రెండింటి స్వభావం వేరు. జకాత్ హక్కుదారులకు చేరవలసిన సొమ్ము. దాన్ని మూలధనంగా దాచిపెట్టరాదన్నది అధిక సంఖ్యాక ఉలమా అభిప్రాయం. వక్ఫ్ అలా కాదు. ఖైబర్‌లో దొరికిన మంచి భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, భూమిని అలాగే నిలిపి దాని ఫలసాయాన్ని దానం చేసే మార్గాన్ని మహాప్రవక్త (స) సూచించారు. వక్ఫ్‌కు పునాది అదే. మూలం కదలదు, ఫలం ఆగదు.

మన లెక్క

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ముత్యం ఆగింది. చమురు కూడా ఏదో ఒకనాడు తగ్గుతుంది. కువైట్ వెళ్లిన మనిషి జీతం అంతకన్నా ముందే ఆగుతుంది. నడుం పడిపోవచ్చు, కఫీల్ వద్దనవచ్చు, ఆ ఉద్యోగాన్ని అక్కడి పౌరులకే ఇవ్వాలని నిబంధన రావచ్చు. ఆ మనిషి పంపే చందా మీద ఆధారపడిన అనాథ పిల్లవాడి ఫీజు, విధవ తల్లి నెలసరి సాయం కూడా ఆ రోజే ఆగుతాయి. 1990లో, 2020లో మన ఊళ్లు ఆ రుచి చూశాయి.

కాబట్టి దాతలకు మేము విన్నవించుకొనేది మూడు మాటలు.

మొదటిది, జకాత్‌ను జకాత్ అనే చెప్పి ఇవ్వండి. నిసాబ్ దాటి ఏడాది నిలిచిన సొమ్ములో రెండున్నర శాతాన్ని ఏ ఏటి కా ఏడు హక్కుదారులకు చేర్చడమే మా బాధ్యత. 'ఏదైనా ఒకటే కదా' అని సదఖాతో కలిపి పంపితే లెక్క కలిసిపోతుంది, అమానత్‌కు భంగం వస్తుంది.

రెండోది, సంపాదన బాగున్న రోజుల్లో సదఖాలో ఒక పాలు నిలిచి ఉండే పనికి కేటాయించండి. అద్దె వచ్చే ఒక గది, కాపు కాసే నాలుగు చెట్లు, చదువుకు వాడే ఒక భవనం, ఏదైనా సరే. పంచిన బియ్యం ఒక రంజానుకు సరిపోతుంది. అద్దె వచ్చే గది దాత తిరిగి వచ్చాక కూడా, దాత కన్ను మూశాక కూడా ఇస్తూనే ఉంటుంది. ఉన్న దేశమే పదో వంతు పక్కన పెట్టుకొంటే, లేనివారిమి మనం ఎంత ముందుచూపుతో ఉండాలి!

మూడోది, మీ ఇంటి నుంచి ఎవరైనా బయలుదేరుతుంటే అప్పు ఎంత, వీసా ఏ రకం, జీతం కాగితం మీద ఉందా అని ముందే చూడండి. ప్రభుత్వ ఈమైగ్రేట్ విధానం ద్వారా వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకో మూడేళ్లకో కట్టేది 400 రూపాయల లోపే. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపి అక్కడ పనిలో పెడతామనే ఏజెంటు మాట వింటే ఈ రక్షణ ఏదీ ఉండదు. ఒక కుటుంబం రోడ్డున పడ్డాక సాయం చేయడం కన్నా, పడకుండా ఆపడం గొప్ప సదఖా.

పాత కర్నూలు జిల్లా అంత ఉన్న ఒక ఎడారి దేశం మన వేల ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నది. ఆ దేశానికీ, అక్కడ ఎండలో చెమటోడుస్తున్న మన బిడ్డలకూ అల్లాహ్ శాంతిభద్రతలు ప్రసాదించుగాక. మీరు ఇచ్చిన ప్రతి పైసాను స్వీకరించి, దాని ఫలాన్ని మీ తర్వాత కూడా నిలుపుగాక. ఆమీన్.